బత్తాయి కాయ మీది నల్లికి ఏ కెమెరా? మాక్రో, మైక్రోస్కోప్ ఫొటోల వెనక ఉన్న లెక్క

మృగశిర కార్తె దాటి నాలుగు వానలు పడ్డాయంటే నల్లగొండ వైపు వాట్సాప్ గ్రూపులన్నీ ఆకుల ఫొటోలతో నిండిపోతాయి. పత్తి ఆకు అడుగున ఏదో తెల్లగా, బత్తాయి కాయ మీద ఏదో తుప్పు రంగులో కనిపిస్తుంది. కింద "ఇదేం పురుగు సార్?" అని ప్రశ్న. ఆ ఫొటోను రెండు వేళ్లతో సాగదీసి చూస్తే పచ్చటి మసక తప్ప ఏమీ దొరకదు. పంపినాయన ఫోన్ వెనక మాత్రం 108 మెగాపిక్సెల్ అని ఉంటుంది.

నన్ను కెమెరా గురించి అడిగేవాళ్లలో తోటలున్న రైతులు ఉన్నారు, డిగ్రీ కాలేజీల్లో జువాలజీ, బోటనీ చెప్పేవాళ్లు ఉన్నారు, అచ్చంపేట దాటి అమ్రాబాద్ అడవి అంచున సాలీళ్ల కోసం తిరిగే కుర్రాళ్లూ ఉన్నారు. అందరి ప్రశ్నా ఒకటే: "ఎన్ని మెగాపిక్సెల్లది కొనాలె?" ఆ ప్రశ్న తర్వాత అడగాల్సింది. ముందు అడగాల్సింది వేరే ఉంది. మీరు తీయాలనుకున్నది ఎన్ని మిల్లీమీటర్లు ఉంటుంది?

## ఒకే చెట్టు మీద మూడు కొలతలు

బత్తాయి చెట్టునే తీసుకుందాం. నిమ్మజాతి ఆకులు తినే సీతాకోకచిలుక గొంగళి బాగా ఎదిగితే నాలుగు సెంటీమీటర్లు, అంటే 40 మి.మీ. అదే సీతాకోకచిలుక లేత ఆకు మీద పెట్టే గుడ్డు సుమారు 1 మి.మీ. కాయకు మంగు, అంటే తుప్పు రంగు మచ్చలు తెచ్చే మంగునల్లి 0.15 మి.మీ. అటూ ఇటూ. గొంగళికీ నల్లికీ తేడా దాదాపు 270 రెట్లు. మనిషి పక్కన నాగార్జునసాగర్ డ్యామ్‌లు దాదాపు నాలుగు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత తేడా అది. ఈ రెంటినీ ఒకే పరికరంతో తీయాలనుకోవడంలోనే గందరగోళమంతా మొదలవుతుంది.

ఇప్పుడు కెమెరా లోపలికి వెళ్దాం. పాతకాలంలో ఫిల్ము ఉండే చోట ఇప్పుడు ఒక చిప్పు ఉంటుంది, దాన్నే సెన్సర్ అంటారు. ఫుల్‌ఫ్రేమ్ అనే పెద్ద సెన్సర్ 36×24 మి.మీ. మామూలు కెమెరాల్లో ఎక్కువగా కనిపించే ఏపీఎస్-సీ సెన్సర్ సుమారు 23.5×15.6 మి.మీ. మైక్రో ఫోర్ థర్డ్స్ అనేది 17.3×13 మి.మీ. ఫోన్లలోది చిటికెనవేలి గోరంత.

చిన్నవాటిని బాగా దగ్గరగా తీసే ఫొటోలనే మాక్రో అంటారు. అందులో మాగ్నిఫికేషన్ అంటే, వస్తువు ఈ సెన్సర్ మీద ఎంత పెద్ద బొమ్మగా పడింది అన్నదే. పది మిల్లీమీటర్ల పురుగు సెన్సర్ మీద కూడా పది మిల్లీమీటర్లే పడితే అది 1:1, లేదా 1ఎక్స్. ఐదే పడితే 0.5ఎక్స్. ఫొటోను తర్వాత ఎంత పెద్ద కాగితం మీద ప్రింటు వేశామన్నది ఈ లెక్కలోకి రాదు.

24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ కెమెరాతో చూద్దాం. అడ్డంగా 6000 పిక్సెళ్లు, 23.5 మి.మీ. వెడల్పు, కాబట్టి ఒక్కో పిక్సెల్ సుమారు 3.9 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. గొంగళిని 0.5ఎక్స్‌లో తీస్తే సెన్సర్ మీద 20 మి.మీ. పడి ఫ్రేమ్ దాదాపు నిండుతుంది. గుడ్డును 1ఎక్స్‌లో తీస్తే 255 పిక్సెళ్లు దొరుకుతాయి. గుండ్రంగా ఉంది, పసుపు రంగు అని చెప్పడానికి అది చాలు. నల్లిని అదే 1ఎక్స్‌లో తీస్తే 38 పిక్సెళ్లు. అంటే ఒక చుక్క. అది నల్లో దుమ్మో చెప్పలేం. 4ఎక్స్‌కు వెళ్తే 150, 10ఎక్స్‌కు వెళ్తే 380 పిక్సెళ్లు వస్తాయి, అప్పుడు కాళ్లు కనిపిస్తాయి.

కాబట్టి గొంగళికి దాదాపు ఏ కెమెరా అయినా సరిపోతుంది, గుడ్డుకు మాక్రో లెన్స్ కావాలి, నల్లికి మైక్రోస్కోప్ ఆబ్జెక్టివ్ (వస్తువు వైపు ఉండే చిన్న లెన్స్) కావాలి. మూడింటికీ కెమెరా బాడీ ఒకటే అయినా నష్టం లేదు. మారేది దాని ముందున్న గాజు.

## "1000ఎక్స్" అంటే దేనికి వెయ్యి రెట్లు?

ఈ లెక్క తెలియని రోజుల్లో నేనూ మోసపోయాను. పెన్ను లావుండే ఒక యూఎస్‌బీ మైక్రోస్కోప్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 1000ఎక్స్ అని ఉంది. ల్యాప్‌టాప్‌కు తగిలించి చూస్తే పేనుబంక కనిపించింది గానీ, దాని కాళ్లు మాత్రం ఎంత తిప్పినా మసకే. సీలు తీశారు కాబట్టి వాపసు తీసుకోం అన్నారు అమ్మినవాళ్లు. ఇప్పుడది మా ఇంట్లో ధాన్యంలో ముక్కపురుగు చూడ్డానికి పనికొస్తోంది.

ఆ వెయ్యి ఎక్కడిది? ఒక మిల్లీమీటరు వస్తువు స్క్రీన్ మీద 20 సెంటీమీటర్లు కనిపిస్తే 200 రెట్లు అంటారు. అదే బొమ్మను పెద్ద టీవీలో వేస్తే ఇంకా ఎక్కువ. సినిమా హాల్లో వేస్తే పది వేల ఎక్స్ అని కూడా రాసుకోవచ్చు. బొమ్మ పెద్దదవుతుంది, అందులో కొత్తగా ఏమీ కనిపించదు.

నిజానికి ఎక్స్ అనే మాటకు మూడు అర్థాలు తిరుగుతున్నాయి. కెమెరావాళ్లు చెప్పేది సెన్సర్ మీద పడే బొమ్మ. కాలేజీ మైక్రోస్కోప్ మీద 400ఎక్స్ అంటే 40ఎక్స్ ఆబ్జెక్టివ్‌ను 10ఎక్స్ ఐపీస్‌తో (కన్ను పెట్టి చూసే లెన్స్) గుణించిన లెక్క, అది కంటికి కనిపించే పరిమాణం. మూడోది ఈ స్క్రీన్ లెక్క. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి పోల్చడమంటే ఎకరాలను క్వింటాళ్లతో పోల్చినట్టే.

ఎంత పెద్దగా చూపిస్తుందని కాక, ఎంత దగ్గరగా ఉన్న రెండు గీతలను విడివిడిగా చూపిస్తుందని అడగాలి. దీన్ని రెజల్యూషన్ అంటారు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మను ప్రకాశ్ బృందం 2014లో చూపించిన కాగితపు మైక్రోస్కోప్ ఫోల్డ్‌స్కోప్ చెప్పుకునేది 140ఎక్సే. కానీ దాని రెజల్యూషన్ రెండు మైక్రాన్ల దాకా ఉంటుంది. నా వెయ్యి ఎక్స్ పెన్ను దాని దరిదాపుల్లోకి రాదు.

## మెగాపిక్సెల్ ఎక్కడ ఆగిపోతుంది

వెలుతురు అలలుగా ప్రయాణిస్తుంది. అందుకే ఎంత మంచి లెన్స్ అయినా సూదిమొనంత చుక్కను సూదిమొనంతగా సెన్సర్ మీద వేయలేదు. కాస్త పరుచుకున్న చిన్న బిళ్లగా వేస్తుంది. ఆ బిళ్లకంటే పిక్సెళ్లు బాగా చిన్నవైతే ఒకే బిళ్లను పది పిక్సెళ్లు పంచుకుంటాయి తప్ప కొత్త వివరం రాదు. మైక్రోస్కోప్‌లకు ఈ హద్దును జర్మనీ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ అబ్బె 1873లోనే లెక్కగట్టి చెప్పాడు.

బిళ్ల ఎంతుంటుందో తెలుసుకోవడం సులువే. లెన్స్ మీద ఎఫ్/8, ఎఫ్/16 అని ఉండే అంకె లెన్స్ లోపలి రంధ్రం ఎంత తెరుచుకుందో చెప్తుంది, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది. ఆ అంకెను సుమారు 1.34తో గుణిస్తే బిళ్ల వెడల్పు మైక్రాన్లలో వస్తుంది. ఎఫ్/1.8 ఉన్న ఫోన్‌లో అది 2.4 మైక్రాన్లు. 200 మెగాపిక్సెల్ అని అమ్మే ఫోన్లలో పిక్సెల్ 0.6 మైక్రాన్లు. అంటే ఒక్క బిళ్ల అడ్డంగా నాలుగు పిక్సెళ్ల మీద పరుచుకుంటుంది. ఆ ఫోన్లు మామూలుగా పదహారు పిక్సెళ్లను ఒకటిగా కలిపి పన్నెండు మెగాపిక్సెళ్ల ఫొటో ఇస్తాయి, దానివల్ల పోయే వివరం పెద్దగా ఉండదు.

మాక్రోలో ఇంకో మెలిక ఉంది. దగ్గరికి వెళ్లేకొద్దీ ఎఫ్ అంకె లోలోపల పెరుగుతుంది. 1ఎక్స్ దగ్గర అది రెట్టింపు. లెన్స్ మీద ఎఫ్/8 అని పెట్టినా పని చేసేది ఎఫ్/16లా, బిళ్ల 21 మైక్రాన్లు. కొన్ని కంపెనీల కెమెరాలు ఈ పెరిగిన అంకెనే తెర మీద చూపిస్తాయి, కొన్ని చూపించవు. ఒకే ఫొటోకు ఇద్దరు మిత్రులు వేర్వేరు అంకెలు చెప్పుకుని కొట్లాడుకోవడం చూశాను. ఇద్దరూ కరెక్టే.

మైక్రోస్కోప్‌లో లెక్క ఇంకా వింతగా ఉంటుంది. ఆబ్జెక్టివ్ మీద 10/0.25 అని చెక్కి ఉంటుంది. మొదటిది రెట్లు. రెండోది న్యూమరికల్ అపర్చర్, అంటే ఎంత వెడల్పు కోణం నుంచి వెలుతురును పట్టుకోగలదో చెప్పే అంకె. ఈ రెండో అంకె మీదే వివరం ఆధారపడుతుంది. పచ్చటి వెలుతురులో 0.25కు విడిపోయే అతి చిన్న దూరం సుమారు 1.34 మైక్రాన్లు. పది రెట్లు పెరిగి సెన్సర్ మీద పడేసరికి 13.4 మైక్రాన్లు. దాన్ని పట్టుకోవడానికి కనీసం రెండు పిక్సెళ్లు కావాలి, కాబట్టి పిక్సెల్ 6.7 మైక్రాన్లున్నా చాలు. మామూలు ఐపీస్ చూపించే వలయం 18 మి.మీ., అందులో ఇమిడే దీర్ఘచతురస్రం 15×10 మి.మీ. భాగించి చూస్తే 2240×1490, అంటే 33 లక్షల పిక్సెళ్లు. 3.3 మెగాపిక్సెల్!

40ఎక్స్ ఆబ్జెక్టివ్‌కు (0.65) ఇదే లెక్క వేస్తే 1.4 మెగాపిక్సెల్‌తో తేలిపోతుంది. పెద్దగా చూడాలంటే ఎక్కువ మెగాపిక్సెళ్లు కావాలనుకుంటాం. లెక్క మాత్రం తిరగబడుతుంది.

దీన్ని ఒప్పుకోని వాళ్లూ ఉన్నారు, వాళ్ల వాదనలోనూ పస ఉంది. రంగుల సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ ఎరుపో పచ్చో నీలమో ఒక్క రంగునే చూస్తుంది. 1976లో పేటెంట్ పొందిన బేయర్ పద్ధతి అది. మిగతా రంగులను పక్క పిక్సెళ్లను బట్టి కెమెరా ఊహించుకుంటుంది. అందుకని లెక్కకు రెండింతలో మూడింతలో పిక్సెళ్లు ఉండటం మంచిది. కత్తిరించుకోవడానికి కూడా చోటు మిగులుతుంది. నా దృష్టిలో మైక్రోస్కోప్‌కు పది పన్నెండు మెగాపిక్సెళ్లు ధారాళం. పదిహేనేళ్ల నాటి కెమెరాల్లోనూ అంత ఉంది.

## "ఫోన్‌తో అయితదా?"

కొన్నింటికి భేషుగ్గా అవుతుంది. కెమెరా పట్టుకున్నవాళ్లు ఫోన్‌ను చిన్నచూపు చూస్తారు గానీ, చిన్న సెన్సర్‌తో ఒక లాభం ఉంది: ఫోకస్‌లో ఉండే లోతు ఎక్కువ. ఆముదం చేనులో దాసరి పురుగును, పత్తి కాయలో గులాబీ రంగు పురుగును గుర్తుపట్టేలా తీయడానికి ఫోన్ చాలు. రెండు మూడు మిల్లీమీటర్ల పచ్చదోమకు ఒక క్లిప్ లెన్స్ తగిలిస్తే సరి. చవక ఫోన్లలో విడిగా ఇచ్చే రెండు మెగాపిక్సెళ్ల "మాక్రో కెమెరా" మాత్రం అలంకారమే. ఖరీదైన ఫోన్లలో వెడల్పు లెన్స్‌కే ఆటోఫోకస్ ఇచ్చి రెండు సెంటీమీటర్ల దాకా దగ్గరికి వెళ్లనిస్తారు, అది నిజంగా పనిచేసేది.

చిక్కు ఆ రెండు సెంటీమీటర్లతోనే. ఫోన్ నీడ పురుగు మీదే పడుతుంది. తెల్లదోమ అయితే ఫోన్ వచ్చేలోపే లేచిపోతుంది.

విచిత్రంగా ఫోన్ బాగా నెగ్గేది మైక్రోస్కోప్ మీద. ఐపీస్ నుంచి బయటికొచ్చే వెలుతురు కిరణం చాలా సన్నం. 10ఎక్స్ ఆబ్జెక్టివ్‌కు 1.25 మి.మీ., 40ఎక్స్‌కు 0.8 మి.మీ. ఫోన్ లెన్స్ కన్ను మూడు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి మొత్తం వెలుతురు ఏమీ పోకుండా లోపలికి వెళ్తుంది. భూదాన్ పోచంపల్లి చీరలోంచి జారిన దారప్పోగును స్లైడ్ మీద పెట్టి చూడండి. పత్తి పోగు మెలితిరిగిన రిబ్బన్‌లా, పట్టు పోగు గాజు కడ్డీలా నున్నగా, పాలిస్టర్ యంత్రంలోంచి దిగినట్టు ఒకే లావుగా కనిపిస్తాయి. ఆ తేడాను చూపించడానికి ఫోన్‌కు మించింది అక్కర్లేదు. దాన్ని కదలకుండా పట్టే హోల్డర్ ఉండాలి, అంతే. చేత్తో పట్టుకుంటే నల్లటి నెలవంకలే వస్తాయి.

ఫోన్ మన మాట వినదన్నది మరో ఇబ్బంది. గీతలను తనే పదును చేస్తుంది, రంగులు మారుస్తుంది, మధ్యలో ఒక లెన్స్ నుంచి ఇంకో లెన్స్‌కు దూకుతుంది. వాట్సాప్‌లో పంపడానికి ఇది చెల్లుతుంది. పరిశోధన పత్రంలో పెట్టాలంటే మాత్రం, ఆ అంచు కణానిదా ఫోన్ సృష్టించిందా అని అడిగితే జవాబుండదు.

## మాక్రోలో అసలు కరువు: లోతు, వెలుతురు

ఏడు మిల్లీమీటర్ల గెంతుడు సాలీడును ఏపీఎస్-సీ కెమెరాతో 1ఎక్స్‌లో, ఎఫ్/8లో తీస్తే ఫోకస్‌లో ఉండే మందం 0.64 మి.మీ. కళ్లు స్పష్టంగా వస్తే వెనక కాళ్లు పోతాయి. ఎఫ్/16 పెడితే మందం 1.3 మి.మీ. అవుతుంది, కానీ లోపల పనిచేసేది ఎఫ్/32. బిళ్ల 43 మైక్రాన్లకు చేరి అడ్డంగా పదకొండు పిక్సెళ్లు తినేస్తుంది. మందం పెరిగి పదును చచ్చిపోయింది. ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాలి.

ఈ పీటముడిని విప్పడానికి వచ్చిందే ఫోకస్ స్టాకింగ్. ఫోకస్‌ను అర మిల్లీమీటరు చొప్పున జరుపుతూ ఎనిమిదో పదో ఫొటోలు తీసి, ఒక్కోదాంట్లో స్పష్టంగా ఉన్న ముక్కను కంప్యూటర్ చేత కలిపిస్తారు. ఈ పనికి హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ లాంటి ప్రోగ్రాములున్నాయి. అయితే సాలీడు కదలకూడదు, గాలి వీయకూడదు. తెల్లవారుజామున చలికి పురుగులు మొద్దుబారి ఉన్నప్పుడు కుదురుతుంది. పదకొండు గంటల ఎండలో చెల్కలో నిలబడి స్టాకింగ్ చేస్తానంటే కుదరదు. అప్పుడు ఒక్క ఫొటో, ఒక ఫ్లాష్, దాని ముందు వెలుతురును మెత్తబరిచే తెల్లటి ప్లాస్టిక్. అంతకు మించి ఏ ఖరీదైన బాడీ కూడా ఆదుకోదు.

సెన్సర్ పెద్దదైతే మేలు కదా అని ఇక్కడ అడుగుతారు. అదే సాలీడు ఫ్రేమ్‌లో అంతే చోటు నింపాలంటే ఫుల్‌ఫ్రేమ్‌కు 1.5ఎక్స్ కావాలి. మాగ్నిఫికేషన్ పెరిగితే లోతు ఇంకా తగ్గుతుంది. సరిచేయడానికి ఎఫ్ అంకె పెంచాలి, చివరికి అక్కడికే వస్తాం. పెళ్లిళ్లకూ, రాత్రి ఫొటోలకూ పెద్ద సెన్సర్ గొప్పే. మాక్రోలో దాని ఆధిక్యం సగం ఇలా కరిగిపోతుంది. పైగా బరువు, ధర. అడవిలో నాలుగు గంటలు మెడలో వేసుకుని తిరిగితే ఆ బరువేంటో తెలుస్తుంది.

లెన్స్ దగ్గర చేసిన ఖర్చు ఎక్కువ కాలం నిలుస్తుంది. 60 మి.మీ. మాక్రో లెన్స్ 1ఎక్స్‌లో పురుగుకు పది సెంటీమీటర్ల లోపుకు వెళ్లాలి. 100 మి.మీ. లెన్స్ అయితే మరో నాలుగైదు సెంటీమీటర్లు మిగుల్చుతుంది. సీతాకోకచిలుకకూ తేలుకూ ఆ నాలుగైదు సెంటీమీటర్లు ముఖ్యమే. డబ్బు తక్కువైతే ఎక్స్‌టెన్షన్ ట్యూబులు ఉన్నాయి. గాజు లేని ఉత్త గొట్టాలవి. 50 మి.మీ. లెన్స్ వెనక 68 మి.మీ. గొట్టాలు పెడితే 68ని 50తో భాగించినంత, అంటే 1.36ఎక్స్ అదనం. వెలుతురు తగ్గుతుంది, దూరం తగ్గుతుంది, అయినా పని జరుగుతుంది. దూరపువాటిని దగ్గరగా చూపే టెలిఫొటో లెన్స్ ఉన్నవాళ్లకు ముందు బిగించే క్లోజప్ గాజు ఇంకా హాయి. 200 మి.మీ. లెన్స్ ముందు +8 పవర్ గాజు పెడితే 1.6ఎక్స్ వస్తుంది.

లోపల అద్దం ఉండే పాత డీఎస్ఎల్ఆరా, అద్దం లేని కొత్త మిర్రర్‌లెసా అన్న వాదన కూడా ఇక్కడిదే. పాత డీఎస్ఎల్ఆర్ చవక. బ్యాటరీ రోజంతా వస్తుంది, లెన్సులు సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతాయి. 2007కు ముందువాటిలో చాలావాటికి వెనక తెర మీద చూస్తూ తీసే లైవ్‌వ్యూ ఉండదు, అది లేకపోతే ఈ పనికి పనికిరాదు. మిర్రర్‌లెస్‌లో ఫోకస్‌ను తెర మీద పదింతలు చేసి చూసుకోవచ్చు, కొన్నింట్లో స్టాకింగ్ ఫొటోలను కెమెరానే వరుసగా తీసిపెడుతుంది. డీఎస్ఎల్ఆర్ లెన్సులు అడాప్టర్‌తో మిర్రర్‌లెస్‌కు ఎక్కుతాయి, అటునుంచి ఇటు ఎక్కవు. తోటలో తిరిగేవాళ్లకు నేను పాత డీఎస్ఎల్ఆరే చెప్తాను. మైక్రోస్కోప్ మీద పెట్టేవాళ్లకు మిర్రర్‌లెస్ చెప్తాను, దాని కారణం కాసేపట్లో వస్తుంది.

## ఆబ్జెక్టివ్‌ను కెమెరాకే బిగిస్తే

మంగునల్లి మాక్రో లెన్స్‌కు అందదు, బత్తాయి కాయ మైక్రోస్కోప్ స్టేజీ (స్లైడ్ పెట్టే బల్ల) మీద పట్టదు. ఈ మధ్య దారిలో పనికొచ్చేది, మైక్రోస్కోప్ ఆబ్జెక్టివ్‌ను ఊడదీసి గొట్టాల ద్వారా నేరుగా కెమెరాకు బిగించడం.

పాత కాలేజీ మైక్రోస్కోప్‌ల ఆబ్జెక్టివ్ మీద 160 అని చెక్కి ఉంటుంది. అది ట్యూబు పొడవు, మి.మీ.లలో. ఆ ఆబ్జెక్టివ్ బొమ్మ దాని భుజం (మర దగ్గరి అంచు) నుంచి 150 మి.మీ. దూరంలో పడుతుంది. కానన్ డీఎస్ఎల్ఆర్‌లో బాడీ ముందు అంచు నుంచి సెన్సర్ దాకా 44 మి.మీ. కాబట్టి మధ్యలో 106 మి.మీ. గొట్టం కావాలి, ఒక చిన్న అడాప్టర్ కావాలి. అంతే. 160 బదులు అనంతం గుర్తు (పడుకోబెట్టిన 8) ఉంటే గొట్టం పనిచేయదు, దాని వెనక ఇంకో లెన్స్ ఉండాలి. చాలావాటికి 200 మి.మీ. టెలిఫొటో ఆ పని చేస్తుంది. ఈ ఒక్క గుర్తు చూసుకోక కొని బాధపడినవాళ్లు నాకు తెలుసు.

4ఎక్స్ దగ్గర ఫోకస్ మందం 55 మైక్రాన్లు. నల్లి పలచనిదే, కానీ బత్తాయి తొక్క గుంతలు గుంతలుగా ఉంటుంది. నేను తీసిన ఒక మంగునల్లి బొమ్మకు 26 ఫొటోలు కలపాల్సి వచ్చింది. వాడింది కోఠిలో కొన్న సెకండ్‌హ్యాండ్ డీఎస్ఎల్ఆర్, పనికిరాదని పక్కన పడేసిన మైక్రోస్కోప్ నుంచి తీసిన 4ఎక్స్ ఆబ్జెక్టివ్.

## మైక్రోస్కోప్ మీద కెమెరాకు మూడు దారులు

ఐపీస్‌ను అలాగే ఉంచి, కంటి స్థానంలో లెన్స్‌తో సహా కెమెరాను పెట్టడం మొదటి దారి. ఫోన్ చేసేది ఇదే. 10ఎక్స్ ఐపీస్ ఫోకల్ దూరం 25 మి.మీ. దాని ముందు 40 మి.మీ. లెన్స్ ఉన్న కెమెరా పెడితే బొమ్మ 1.6 రెట్లు అవుతుంది. 18 మి.మీ. వలయం 28.8 మి.మీ. అవుతుంది. ఏపీఎస్-సీ సెన్సర్ మూల నుంచి మూలకు 28.2 మి.మీ. అచ్చు గుద్దినట్టు సరిపోతుంది.

రెండో దారిలో ఐపీస్ తీసేసి, లెన్స్ లేని కెమెరా బాడీని నేరుగా ట్యూబు మీద పెడతారు. మధ్యలో గాజు తక్కువ కాబట్టి శుభ్రమైన బొమ్మ వస్తుందని కొందరి నమ్మకం. రెండు అడ్డంకులున్నాయి. ఒకటి, 18 మి.మీ. వలయంలో పెద్ద సెన్సర్ మూలలు నల్లబడతాయి, ఫుల్‌ఫ్రేమ్‌లో అయితే సగానికి పైగా చీకటే. రెండోది అంత తేలిగ్గా బయటపడదు. చాలా పాత కంపెనీలు ఆబ్జెక్టివ్‌లో మిగిలిపోయిన రంగుల దోషాన్ని ఐపీస్‌లో సరిదిద్దేవి. ఐపీస్ తీసేస్తే ఆ దోషం అంచుల్లో నీలం, ఎరుపు గీతలుగా బయటపడుతుంది. నికాన్ 1976 నుంచి ఆబ్జెక్టివ్‌లోనే సరిదిద్దడం మొదలుపెట్టింది, అలాంటివాటికి ఈ దారి బాగుంటుంది. ఏది మంచిదన్న వాదన తెగకపోవడానికి కారణం ఇదే: ఒక్కొక్కరి మైక్రోస్కోప్ ఒక్కో రకం.

మూడోది సీ-మౌంట్ (చిన్న కెమెరాలను బిగించే ఒక రకం మర) యూఎస్‌బీ కెమెరా. చిన్న పెట్టె, వైరు, కంప్యూటర్‌లో బొమ్మ. క్లాసులో నలభై మందికి ప్రొజెక్టర్ మీద చూపించాలంటే దీనికి సాటి లేదు. కానీ లోపలి సెన్సర్ చాలాసార్లు 6.2×4.6 మి.మీ. మాత్రమే. 18 మి.మీ. వలయంలో అది పట్టేది తొమ్మిదో వంతు. 0.5ఎక్స్ తగ్గింపు లెన్స్ పెడితే దాదాపు సగం. "కళ్లకు అంత కనిపిస్తుంది, తెర మీద ఇంతేనా?" అన్న ఫిర్యాదు ఇక్కడినుంచే వస్తుంది. 14 మెగాపిక్సెళ్లని రాసినా, పైన వేసిన లెక్క ప్రకారం అందులో చాలా భాగం ఖాళీయే.

ఇక వణుకు. 400 రెట్లు పెద్దది చేసినప్పుడు కదలిక కూడా 400 రెట్లు పెద్దదవుతుంది. డీఎస్ఎల్ఆర్‌లో అద్దం లేచే దెబ్బ, షట్టర్ తెర కొట్టే దెబ్బ రెండూ బొమ్మను కదిలిస్తాయి. మిర్రర్‌లెస్‌లో అద్దమే ఉండదు, షట్టర్‌ను కూడా ఎలక్ట్రానిక్‌గా పెట్టుకోవచ్చు. ఇందాక చెప్తానన్న కారణం ఇదే. కొన్ని డీఎస్ఎల్ఆర్‌లలోనూ లైవ్‌వ్యూలో ఎలక్ట్రానిక్ మొదటి తెర (ఫొటో మొదలయ్యేటప్పుడు షట్టర్ దెబ్బ లేకుండా చేసేది) ఉంటుంది, కొనేముందు కనుక్కోవాల్సింది ఆ ఒక్కటే. ఎలక్ట్రానిక్ షట్టర్‌కూ ఒక జబ్బుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది కాబట్టి చవక ఎల్ఈడీ బల్బు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది, ఫొటో మీద చారలు పడతాయి. షట్టర్ 1/50 లేదా 1/100 సెకను దగ్గర పెడితే పోతాయి.

## పన్నెండు మైక్రాన్ల కథ

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ ఒక దోమ పొట్టను మైక్రోస్కోప్ కింద చూస్తుండగా ఒక గుండ్రటి గీత కనిపించింది. ఆయన చేతిలో ఉన్నది నోటుబుక్కే. అయినా అది సుమారు 12 మైక్రాన్లని గమనించాడు. దోమ పొట్టలో మామూలుగా ఉండే కణం కంటే అది చిన్నది, దాని అంచు మరీ పదునుగా ఉంది. మలేరియాను దోమ మోస్తుందని తేల్చిన దారి అక్కడ తెరుచుకుంది.

మన ఫొటోల్లో తరచూ లేనిది ఆ కొలతే. స్కేలు లేని మైక్రోస్కోప్ ఫొటోలో అది ఎర్ర రక్తకణమో పుప్పొడో పరిమాణం బట్టి చెప్పలేం. దీనికి స్టేజ్ మైక్రోమీటర్ అనే స్లైడ్ ఉంది: ఒక మిల్లీమీటరును నూరు భాగాలు చేసి గీసిన గాజు. అది లేనివాళ్లకు ఇంకోటి చేతికి దగ్గర్లోనే ఉంటుంది. రక్తపరీక్షల ల్యాబుల్లో కణాలు లెక్కపెట్టే న్యూబార్ చాంబర్‌లో అతి చిన్న గడి భుజం 0.05 మి.మీ., అంటే 50 మైక్రాన్లు. ప్రతి ఆబ్జెక్టివ్‌తో దాన్ని ఒకసారి ఫొటో తీసి, 50 మైక్రాన్లకు ఎన్ని పిక్సెళ్లో రాసిపెట్టుకుంటే ఆ కెమెరా కొలిచే పరికరమైపోతుంది. ఫోన్‌తో అయితే ఇది నిలవదు, జూమ్ వేలు తగిలినప్పుడల్లా మారుతుంది.

కిందటేడు ఒక డిగ్రీ కాలేజీ జువాలజీ మేడమ్ కొత్త డిజిటల్ మైక్రోస్కోప్‌కు కొటేషన్లు తెప్పించుకుని, ఏది మేలో చూడమని పిలిచారు. ల్యాబులో ఉన్న మైక్రోస్కోప్‌కే రెండు కళ్ల గొట్టాల వెనక మూడోది నిలువుగా ఉంది, నల్లటి ప్లాస్టిక్ మూతతో. కెమెరా కోసమే పెట్టిన గొట్టం అది. "అది మేం కొన్నప్పటి నుంచి అట్లనే ఉంది, ఎప్పుడూ తియ్యలే" అన్నారు అటెండర్. బీరువా కింది అరలో, థర్మోకోల్ పెట్టెలో, ప్లాస్టిక్ కవరు కూడా చింపని సీ-మౌంట్ అడాప్టర్ దొరికింది.